ఐదారు లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ ఇంజిన్: మార్పులు చేయించాలా, వద్దా?

ఆటోనగర్‌లో బండి ఆపి "అన్నా, పికప్ తగ్గింది, ఏదన్నా చేయి" అని అడిగితే ఒక్కో షాపులో ఒక్కో మాట వినిపిస్తుంది. పంపు షాపు వాళ్లు స్క్రూ తిప్పుదాం అంటారు. ట్యూనింగ్ చేసేవాళ్లు మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్లో డీజిల్ ఎంత పంపాలో చెప్పే లెక్క) మారుద్దాం అంటారు. లేత్ వాళ్లు ఇంజిన్ దింపుదాం అంటారు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఎవరికి తెలిసిన పని వాళ్లు చెప్తున్నారు. కొలత తీయకుండా చెప్తున్నారు, అంతే తేడా.

ఈ మార్గదర్శి లారీలు, టిప్పర్లు, డీసీఎంలు, డీజిల్ పికప్‌లు నడిపే యజమానుల కోసం. డీజిల్ ఇంజిన్‌కు పవర్ పెంచడమంటే సిలిండర్‌లోకి ఎక్కువ డీజిల్ పంపడమే. డీజిల్ పెరిగితే వేడి, ఒత్తిడి రెండూ పెరుగుతాయి. అరిగిన ఇంజిన్‌లో అన్నిటికంటే బలహీనమైన భాగం ఆ అదనపు వేడిని తట్టుకుంటుందా లేదా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది. అది మీటర్ మీద కిలోమీటర్లు చూస్తే తెలియదు.

## 1. ఇబ్బంది ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి

షాపుకు వెళ్లే ముందే డ్రైవర్‌తో కూర్చుని రాయండి. ఇబ్బంది సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి అవుతుంది:

- "ముందులా లాగట్లేదు." ఇది రిపేరు పని. మార్పు అక్కర్లేదు.
- "మైలేజీ పడిపోయింది." ఇదీ చాలావరకు రిపేరే. బయటి తప్పులు ముందు వెతకాలి.
- "పొగ వస్తోంది, ఆయిల్ తాగుతోంది." ఇంజిన్ అరుగుదల లేదా టర్బో సమస్య. ఈ స్థితిలో పవర్ పెంచే మాటే ఎత్తకూడదు.
- "కొన్ననాటి నుంచీ ఈ లోడుకు, ఈ రూటుకు చాలట్లేదు." మార్పు గురించి నిజంగా ఆలోచించాల్సింది ఈ ఒక్క చోటే.

"ముందులా" అన్న మాట డ్రైవర్ నోట వచ్చిందా లేదా గమనించండి. వస్తే, ఆ ఇంజిన్‌లో ఒకప్పుడు ఉన్న పవర్ ఎక్కడో పోతోంది. పోతున్న చోటు మూయాలి గానీ పైనుంచి డీజిల్ పోయకూడదు.

కిలోమీటర్లతో పాటు ఇంజిన్ గంటలు కూడా లెక్కలోకి తీసుకోండి. పగలు హైదరాబాద్ సిటీలోకి లారీలకు ఆంక్షలుంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఆగే బండ్లు చాలా ఉన్నాయి. గంటసేపు ఐడిల్‌లో నడిస్తే 40 నుంచి 50 కిలోమీటర్లు తిరిగినట్టు లెక్క వేసుకోండి. క్వారీ టిప్పర్‌కు, కాంక్రీట్ మిక్సర్‌కు మీటర్ మీద మూడు లక్షలే ఉన్నా లోపల అరుగుదల హైవే లారీకి ఆరు లక్షల మీద ఉన్నంత ఉండొచ్చు.

## 2. చట్టం గీసిన గీత

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కాలుష్య ప్రమాణాలు దాటితే సెక్షన్ 190 వేరేగా ఉంది.

పొగ పరీక్షలో బీఎస్4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణం) కంటే ముందటి డీజిల్ బండ్లకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ ఎంత నల్లగా ఉందో చెప్పే కొలత), బీఎస్4 బండ్లకు 50. పంపు స్క్రూ తిప్పిన బండి మొదట తప్పేది ఇక్కడే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి ఈ పరీక్ష ఎప్పుడో ఒకసారి వచ్చేది కాదు.

ఇంకో రెండు విషయాలు. మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ సమయంలో కొర్రీ పెడతారు. వేరే ఇంజిన్ వేయిస్తే ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించాలి. దానికి ఆర్‌టీఏ అనుమతి, ఇంజిన్ కొన్న బిల్లు కావాలి. బిల్లు లేని సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.

## 3. ఇంజిన్ బయటి తప్పులు ముందు తీసేయండి

ఇది సగం రోజు పని. "ఇంజిన్ అయిపోయింది" అని తేల్చేసిన బండ్లలో కూడా తప్పు ఇక్కడే దొరికి, ఇంజిన్ జోలికి వెళ్లాల్సిన అవసరం తప్పిపోవడం మామూలే. వరుస తప్పకుండా చూడండి:

1. టైర్లు, బ్రేకులు. గాలి సరిగ్గా ఉందా? ఖాళీ బండిని 20 కిలోమీటర్లు నడిపించి ఆపి, అన్ని హబ్బుల మీద చేయి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే కాలిపోతుంటే అక్కడ బ్రేక్ పట్టేసుకుంది.
2. క్లచ్. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది.
3. యాక్సిలరేటర్. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు పంపు లివర్ చివరి స్టాపర్‌ను తాకాలి. కేబుల్ సాగిన బండ్లలో తాకదు. ఎలక్ట్రానిక్ పెడల్ అయితే స్కానర్‌లో 100 శాతం చూపించాలి.
4. ఎయిర్ ఫిల్టర్. దులిపి మళ్లీ వేసిన ఫిల్టర్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. కొత్తది వేసి చూడండి.
5. ఇంటర్‌కూలర్, గొట్టాలు. రెండు చివర్లా ప్లగ్గులు బిగించి 30 పీఎస్ఐ గాలి నింపి మూసేయండి. 15 సెకన్లలో 5 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతే లీకు ఉంది. ప్లగ్గు ఎగిరి వస్తే మనిషికి దెబ్బ తగులుతుంది, కాబట్టి గొలుసుతో కట్టాకే గాలి నింపండి.
6. డీజిల్ లైను. ట్యాంకులోని జాలీ, ప్రైమరీ ఫిల్టర్, మెయిన్ ఫిల్టర్ చూడండి. లిఫ్ట్ పంపు ముందు అర మీటరు పారదర్శక గొట్టం పెట్టి బండి నడిపించండి. బుడగలు కనబడితే గాలి లాగుతోంది.
7. ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్). చల్లటి ఇంజిన్ మీద చూడాలి. 5.9 లీటర్ల కమిన్స్ బి సిరీస్‌కు ఇన్‌టేక్ 0.25 మి.మీ., ఎగ్జాస్ట్ 0.51 మి.మీ. మీ ఇంజిన్ అంకె మీ మాన్యువల్‌లో ఉంటుంది, ఒకదాని అంకె ఇంకోదానికి వేయకండి.
8. ఎగ్జాస్ట్ అడ్డు. సైలెన్సర్ లోపలి పలకలు విరిగి దారి మూసుకుపోవడం పాత బండ్లలో మామూలు. ఎగ్జాస్ట్ బ్రేక్ ఫ్లాప్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో కూడా చూడండి.

వీటిలో ఏది దొరికినా సరిచేసి, అదే రూటులో అదే లోడుతో రెండు మూడు ట్రిప్పులు తిప్పండి. ట్యాంకు నిండా కొట్టించి మళ్లీ నిండా కొట్టించే పద్ధతిలోనే మైలేజీ లెక్క తీయండి. ఆ లెక్క కాగితం దాచుకోండి, చివర్లో మళ్లీ కావాలి.

## 4. ఇంజిన్ లోపలి కొలతలు

అసలు నిర్ణయం ఈ దశలోనే జరుగుతుంది. తొందరపడొద్దు.

### 4.1 ఆయిల్ ఎంత తాగుతోంది

ఒక నెలపాటు పైనుంచి పోసిన ప్రతి లీటరూ రాయించండి. అదే నెలలో కాల్చిన డీజిల్‌తో పోల్చండి. నెలకు 2,000 లీటర్ల డీజిల్ కాల్చే బండి 5, 6 లీటర్ల ఆయిల్ తీసుకుంటే వయసుకు తగ్గట్టే ఉంది. 10 లీటర్లు దాటితే కారణం వెతకాలి. 20 లీటర్లకు చేరితే ఇంజిన్ దింపే డబ్బు సిద్ధం చేసుకోవాలి. బయటికి కారుతున్న ఆయిల్‌ను ముందే ఆపి ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

### 4.2 బ్యాక్ కంప్రెషన్

పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్ చాంబర్‌లో చేరే గాలిని మన మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆయిల్ మూత తీసి తలకిందులుగా పెట్టి, ఎగిరిపడితే "బోర్ పోయింది" అని తేల్చేయడం అలవాటు. ఆ పరీక్షను ఒక సూచనగా తీసుకోండి, తీర్పుగా తీసుకోవద్దు.

సరైన పద్ధతి ఇదీ. ముందు బ్రీదర్ పైపు, దాని జాలీ డీజిల్‌తో కడిగి ఆరబెట్టండి. మూసుకుపోయిన బ్రీదర్ మంచి ఇంజిన్‌ను కూడా చెడ్డదిగా చూపిస్తుంది. మీటరున్నర పారదర్శక గొట్టం తీసుకుని యు ఆకారంలో చెక్కకు బిగించి, సగం వరకు రంగునీళ్లు పోయండి. ఒక చివర డిప్‌స్టిక్ గొట్టానికి గాలి పోకుండా తొడగండి, రెండో చివర తెరిచి ఉంచండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, గరిష్ఠ ఆర్‌పీఎంలో ఒకసారి రెండు నీటి మట్టాల మధ్య తేడాను స్కేలుతో కొలవండి. ఆ అంకెను మాన్యువల్‌లోని పరిమితితో పోల్చాలి. మాన్యువల్ దొరక్కపోతే అదే మోడల్‌లో ఆరోగ్యంగా ఉన్న ఇంకో బండి మీద అదే గొట్టంతో కొలిచి పోల్చండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే మెట్టు. లారీల్లో ఆయిల్ చాంబర్‌లోకి గాలి పంపేది పిస్టన్లు ఒక్కటే కాదు. బ్రేకుల ఎయిర్ కంప్రెసర్ రింగులు అరిగినా, టర్బో సీల్ పోయినా అదే లక్షణం కనబడుతుంది. ఎయిర్ ట్యాంకులు ఖాళీ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. కంప్రెసర్ గాలి నింపుతున్నప్పుడు గొట్టంలో మట్టం చూడండి. ట్యాంకులు నిండి అన్‌లోడర్ "ఫస్"మని గాలి వదిలిన క్షణంలో మళ్లీ చూడండి. నీటి మట్టాల తేడా ఒక్కసారిగా తగ్గిందంటే తప్పు కంప్రెసర్‌ది. ఇంజిన్ మొత్తం దింపే ఖర్చు ఒక కంప్రెసర్ రిపేరుతో తప్పిపోతుంది. మా దృష్టిలో ఈ మార్గదర్శి మొత్తంలో అన్నిటికంటే విలువైన ఐదు నిమిషాలు ఇవే.

### 4.3 కంప్రెషన్

బ్యాటరీ ఫుల్ చార్జ్, ఇంజిన్ వేడిగా, డీజిల్ సప్లై కట్. ఇంజెక్టర్ గుంటలో సరిపోయే అడాప్టర్‌తో డీజిల్ గేజ్ పెట్టాలి. పెట్రోల్ బండి గేజ్ పనికిరాదు. మంచి ఇంజిన్‌లో సెల్ఫ్ కొట్టేటప్పుడు 20 నుంచి 30 బార్ మధ్య వస్తుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అత్యధికానికీ అత్యల్పానికీ మధ్య తేడా పది శాతం దాటితే ఆ తక్కువ సిలిండర్ మీద ప్రశ్న పడినట్టే.

సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పద్ధతి డీజిల్‌కు వద్దు. పిస్టన్ పైన ఉండే జాగా చాలా తక్కువ. ఆయిల్ ఆ జాగాను నింపేసి కంప్రెషన్ దొంగ అంకె చూపిస్తుంది. ఎక్కువ పడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కామన్ రైల్ (ఇంజెక్టర్లను కంప్యూటర్ నడిపే) బండ్లలో స్కానర్‌తో కంప్రెషన్ పోలిక పరీక్ష చేసే వీలు ఉంటే ముందు అది చేయండి. ఇంజెక్టర్లు తీయకుండానే బలహీనమైన సిలిండర్ ఏదో తెలుస్తుంది.

### 4.4 లీక్‌డౌన్

తక్కువ వచ్చిన సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకు తెచ్చి, బయటినుంచి గాలి పంపి చెవి పెట్టి వినండి.

- ఆయిల్ మూత దగ్గర శబ్దం: రింగులు, లైనర్ (పిస్టన్ కదిలే గొట్టం).
- ఎయిర్ ఇన్‌టేక్‌లో: ఇన్‌టేక్ వాల్వు.
- సైలెన్సర్‌లో: ఎగ్జాస్ట్ వాల్వు.
- రేడియేటర్‌లో బుడగలు: హెడ్ గ్యాస్కెట్ లేదా పగిలిన హెడ్.

వాల్వుల దగ్గరే పోతుంటే హెడ్ పనితో సరిపోతుంది, కింది భాగం కదపక్కర్లేదు. గాలి పంపేటప్పుడు ఇంజిన్ తిరిగే ప్రమాదం ఉంది. ఫ్లైవీల్ లాక్ చేయండి, చేతులు ఫ్యాన్‌కు దూరంగా ఉంచండి.

### 4.5 ఆయిల్ ప్రెషర్

డ్యాష్‌బోర్డ్ గేజ్‌ను నమ్మొద్దు. బ్లాకు మీది సెన్సర్ తీసి ఆ చోట మెకానికల్ గేజ్ బిగించండి. బాగా వేడెక్కాక ఐడిల్‌లో దాదాపు ఒక బార్, పని చేసే ఆర్‌పీఎంలో మూడు బార్ పైన ఉంటే చాలా ఇంజిన్లకు సరిపోతుంది. అంతకు తగ్గితే బేరింగులు, ఆయిల్ పంపు, రిలీఫ్ వాల్వు చూడాలి. చిక్కటి ఆయిల్ పోసి అంకె పైకి తెప్పించుకోవద్దు, దాంతో అరుగుదల దాక్కుంటుందే తప్ప ఆగదు.

### 4.6 ఆయిల్ ల్యాబ్ రిపోర్ట్

వేడి ఆయిల్‌ను శుభ్రమైన సీసాలో 100 మిల్లీలీటర్లు తీసి ల్యాబ్‌కు ఇవ్వండి. ఆ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో సీసా మీద రాయాలి, లేకపోతే రిపోర్ట్‌కు అర్థం ఉండదు. ఇనుము ఎక్కువుంటే లైనర్లు, రింగులు. సీసం, రాగి పెరిగితే బేరింగులు. సిలికాన్ పెరిగితే ఎయిర్ లైనులో దుమ్ము దారి ఉంది. సోడియం, పొటాషియం ఉంటే కూలెంట్ లోపలికి చేరుతోంది. డీజిల్ కలిసి ఉంటే ఇంజెక్టర్ కారుతోంది. ఒక్క రిపోర్ట్ కంటే రెండు ఆయిల్ మార్పుల వరుస రిపోర్టులు ఎక్కువ చెప్తాయి.

### 4.7 పంపు, ఇంజెక్టర్లు, టర్బో

పాత మైకో (మెకానికల్ డీజిల్) పంపు బండ్లయితే నాజిళ్లను టెస్టర్ మీద పెట్టి తెరుచుకునే ప్రెషర్, స్ప్రే, కారడం మూడూ చూడాలి. స్ప్రింగు అలసిపోయి ప్రెషర్ తగ్గితే డీజిల్ సన్నగా చిమ్మదు, నల్లపొగ వస్తుంది. ఇంజెక్టర్ తిరిగి బిగించేటప్పుడు రాగి వాషర్ కొత్తది వేయించండి. పాతదే వేస్తే దాని పక్కనుంచి మంట కొట్టి నాజిల్ కాలిపోతుంది. కామన్ రైల్ అయితే అన్ని ఇంజెక్టర్ల రిటర్న్ డీజిల్‌ను ఒకేలాంటి సీసాల్లో ఒకే సమయం పట్టండి. ఒక సీసా మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది.

టర్బో షాఫ్ట్‌ను ముందుకూ వెనక్కీ లాగి చూడండి, దాదాపు కదలిక ఉండకూడదు. పక్కలకు కొద్దిగా ఊగడం మామూలే, కానీ రెక్కలు గోడకు తాకిన గీతలుంటే మార్చాల్సిందే. ఇంటర్‌కూలర్ గొట్టంలో ఆయిల్ గుంటలా నిలిస్తే బండి నడపొద్దు. ఆ ఆయిల్‌నే తాగి ఇంజిన్ ఆపినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. అలా జరిగితే ఇన్‌టేక్‌కు దళసరి చెక్క అడ్డం పెట్టి గాలి ఆపాలి. చేయి అడ్డం పెట్టకూడదు.

### 4.8 కూలింగ్

మన దగ్గర బోరునీళ్లు గట్టివి. ఏళ్ల తరబడి అవే పోసిన రేడియేటర్‌లో, బ్లాకులో సున్నపు పొర కడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. తడి లైనర్లున్న (లైనర్ బయటివైపు నేరుగా నీళ్లు తగిలే) ఇంజిన్లలో ఉత్తనీళ్లు వాడితే లైనర్ బయటివైపు సన్నని గుంటలు పడి చివరికి రంధ్రం అవుతుంది. కూలెంట్ చేసే పని చల్లబరచడం ఒక్కటే కాదు, ఆ గుంటలు పడకుండా కాపాడేదీ అదే.

ఎండాకాలం వచ్చిందని థర్మోస్టాట్ వాల్వు తీసేయించిన బండ్లు చాలా కనబడతాయి. కొన్ని ఇంజిన్లలో అలా చేస్తే బైపాస్ దారి తెరిచే ఉండిపోయి, నీళ్లు రేడియేటర్ దాకా పోకుండానే తిరుగుతాయి. ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. మిగతా వాటిలో ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచి లైనర్లు త్వరగా అరుగుతాయి. రెండూ నష్టమే.

## 5. కొలతలు చూసి మూడింటిలో ఒక దారి

దారి అ: పవర్ పెంచొద్దు, ఇంజిన్ దింపండి. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇదే:

- కంప్రెసర్, టర్బో తప్పు కాదని తేలాక కూడా బ్యాక్ కంప్రెషన్ పరిమితి దాటింది
- వేడి ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ మాన్యువల్ అంకె కంటే తక్కువ
- ఆయిల్‌లో కూలెంట్, లేదా రేడియేటర్‌లో బుడగలు
- రెండు వరుస రిపోర్టుల్లో బేరింగు లోహాలు పెరుగుతున్నాయి

దారి ఆ: రిపేరు చేసి మామూలుగా నడపండి. కింది భాగం బాగుంది, తప్పు ఇంజెక్టర్లలోనో హెడ్‌లోనో టర్బోలోనో కూలింగ్‌లోనో ఉంది. ఎక్కువ బండ్లు ఇక్కడే ఆగుతాయి. తయారీదారు ఇచ్చిన పవర్ తిరిగి వస్తే చాలామంది యజమానులకు మార్పు ఊసే అక్కర్లేకుండా పోతుంది.

దారి ఇ: మార్పు ఆలోచించవచ్చు. అన్ని కొలతలూ లోపలే ఉన్నాయి, రిపేరు తర్వాత కూడా బండి ఆ పనికి చాలట్లేదు. దీనికే ఏడో మెట్టు.

## 6. డబ్బు లెక్క కాగితం మీద వేయండి

ఉదాహరణకు నెలకు 8,000 కిలోమీటర్లు, లీటరుకు 4 కిలోమీటర్లు, డీజిల్ 95 రూపాయలు అనుకుందాం. నెలకు 2,000 లీటర్లు, అంటే 1,90,000 రూపాయలు. మైలేజీ 5 శాతం పెరిగి 4.2 అయితే 1,905 లీటర్లు చాలు. మిగిలేది 95 లీటర్లు, సుమారు 9,000 రూపాయలు.

పనికి 60,000 అడిగారనుకోండి. బండి నాలుగు రోజులు షాపులో ఉంటే రోజుకు 6,000 చొప్పున పోయే కిరాయి 24,000. మొత్తం 84,000. తిరిగి రావడానికి తొమ్మిది నెలలకు పైనే. మైలేజీ పెరగడం నిజమైతేనే ఈ లెక్క. పవర్ పెరిగిన బండిని డ్రైవర్ గట్టిగా తొక్కితే మైలేజీ తగ్గుతుంది కూడా.

కిస్తీలు ఎన్ని మిగిలాయో, ఇంకెన్నేళ్లు ఈ బండి ఉంచుకుంటారో పక్కన రాయండి. ఖర్చు తిరిగొచ్చే కాలం ఉంచుకునే కాలంలో సగం దాటితే ఆ పని వద్దనే మా సలహా.

## 7. మార్పు చేయదలిస్తే ఏ వరుసలో

1. గేజ్‌లు. టర్బోకు ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఉష్ణోగ్రత సెన్సర్. టర్బో తర్వాత పెడితే అంకె వంద డిగ్రీలకు పైగా తక్కువ చూపిస్తుంది. బూస్ట్ గేజ్ కూడా వేయించండి.
2. ఇప్పుడున్న అంకె రాసుకోండి. లోడుతో నాగ్‌పూర్ రూటులో నిర్మల్ ఘాట్ లాంటి పొడవైన ఎత్తు ఎక్కించి గరిష్ఠ ఉష్ణోగ్రత చూడండి. పాత ఇంజిన్‌కు నిలకడగా 650 డిగ్రీలు దాటొద్దు. ఇప్పుడే 650 తాకుతుంటే పెంచడానికి జాగా లేదు, ఇక్కడే ఆగిపోండి.
3. కూలింగ్. రేడియేటర్ కోరు, ఫ్యాన్ కప్లింగ్, ష్రౌడ్, ప్రెషర్ మూత. చట్టంతో పేచీ లేదు, నష్టం లేదు.
4. వెనక భాగం. బండి చాలట్లేదన్న సమస్య చాలాసార్లు క్రౌన్ పినియన్ (వెనక ఇరుసులోని గేర్ల జత) రేషియోది. రూటు మారిన బండికి, తయారీదారే అదే మోడల్‌కు ఇచ్చిన ఇంకో రేషియో ఉందేమో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి.
5. ఇంజిన్ రేటింగ్. అదే ఇంజిన్‌కు తయారీదారు ఆమోదించిన ఇంకో కాలిబ్రేషన్ ఉంటే దాన్ని సర్వీస్ సెంటర్ ద్వారా, కాగితాలతో, ఆర్‌టీఏ అనుమతితో చేయించాలి. రోడ్డెక్కే రవాణా బండికి బయటి మ్యాప్ వద్దని మేము గట్టిగా చెప్తాం. ఇంజిన్ తట్టుకున్నా క్లచ్, గేర్‌బాక్స్, హౌసింగ్ తట్టుకోవాలి. పెరిగిన వేగాన్ని పాత బ్రేకులే ఆపాలి.

## 8. వీటి జోలికి వెళ్లొద్దు

పంపు సీల్ తెంపి స్క్రూ తిప్పడం. డీజిల్ పెరుగుతుంది, గాలి పెరగదు. నల్లపొగ, వేడెక్కిన పిస్టన్, ఆయిల్‌లో మసి. ఇప్పటికే తిప్పేశారని అనుమానముంటే పంపును కాలిబ్రేషన్ బెంచ్ మీద పెట్టించి కంపెనీ అంకెలకు తెప్పించి మళ్లీ సీల్ వేయించండి.

ట్యూనింగ్ బాక్స్. రైల్ ప్రెషర్ సెన్సర్‌కు తప్పుడు అంకె చూపి ప్రెషర్ పెంచే రకాలే ఎక్కువ. అరిగిన ఇంజెక్టర్లకు, హైప్రెషర్ పంపుకు అది నేరుగా దెబ్బ.

ఈజీఆర్‌కు (పొగలో కొంత తిరిగి ఇంజిన్లోకి పంపే ఏర్పాటు) ప్లేటు అడ్డం పెట్టడం, యూరియా సిస్టమ్‌ను మోసం చేసే పరికరం, డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) కోసేయడం. చట్టవిరుద్ధం. వాటి వల్ల ఊరి గాలి పాడవుతుంది, మీ బండి వెనక బైకు మీద వచ్చేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది అదే. డీపీఎఫ్ మాటిమాటికీ మూసుకుంటుంటే కారణం ఇంజెక్టరో టర్బో ఆయిలో అయి ఉంటుంది, అది చూడండి.

## 9. ఇంజిన్ దింపాల్సి వస్తే

"హాఫ్ ఇంజిన్ చాలు" (లైనర్లు ఉంచి రింగులు మార్చడం) అనే మాటకు కొలత అడగండి. కోలగా అరిగిన లైనర్‌లో కొత్త రింగులు కూర్చోవు, కొన్ని నెలల్లో ఆయిల్ మళ్లీ మొదలవుతుంది. లైనర్‌ను మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో బోర్ గేజ్‌తో కొలిచి అంకెలు రాసివ్వమనండి.

లేత్‌కు ఇచ్చే ముందు ఇవి తేల్చుకోండి:

- మీ ఇంజిన్‌కు తడి లైనరా, పొడి లైనరా, అసలు లేదా? 5.9 కమిన్స్ బి సిరీస్‌కు లైనర్ ఉండదు. బ్లాకునే 0.5 లేదా 1 మి.మీ. పెద్ద సైజుకు బోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు.
- తడి లైనర్ అయితే బ్లాకు పైకి ఎంత పొడుచుకొచ్చిందో ప్రతి సిలిండర్‌కూ డయల్ గేజ్‌తో చూడాలి. తేడా ఉంటే కొత్త హెడ్ గ్యాస్కెట్ నిలవదు.
- క్రాంక్ గ్రైండింగ్ చేశాక అదే సైజు బేరింగులు వచ్చాయా? 0.25, 0.50 అని డబ్బా మీద ఉన్నది కాదు, బేరింగు వెనక ముద్ర చూడండి.
- హెడ్ ఫేసింగ్‌కు ముందు పగుళ్ల పరీక్ష, ప్రెషర్ టెస్ట్ అయ్యాయా?
- కనెక్టింగ్ రాడ్ల వంపు, మెలి చూశారా?
- ఆయిల్ కూలర్ లోపల కడిగారా, మార్చారా? పాత బేరింగు రజను అందులోనే దాక్కుని కొత్త బేరింగుల్లోకి వస్తుంది.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కిట్ కొనేటప్పుడు ఇంజిన్ నంబర్ ప్లేట్ ఫొటో, పాత పిస్టన్ వెంట తీసుకెళ్లండి. పిస్టన్ తల గుంట ఆకారం, పిన్ సైజు, రింగుల మందం పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బులు కట్టండి. పేరు ఒకటే అయినా బీఎస్3 పిస్టన్, బీఎస్4 పిస్టన్ ఒకటి కాకపోవచ్చు.

## 10. స్టార్ట్ చేసిన రోజు నుంచి

1. డీజిల్ కట్ చేసి, గేజ్‌లో ఆయిల్ ప్రెషర్ కనబడేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ కొట్టండి. ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. టర్బో ఆయిల్ పైపులో ముందే కొద్దిగా ఆయిల్ పోసి ఉంచండి.
2. కొత్త ఇంజిన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో వదలొద్దు. రింగులు కూర్చోవాలంటే లోడు కావాలి. ఐడిల్‌లో లైనర్ గోడలు అద్దంలా నునుపెక్కిపోతాయి, ఆయిల్ తాగడం ఎప్పటికీ ఆగదు.
3. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం నుంచి ముప్పావు లోడు, ఒకే వేగం కాకుండా మారుతూ ఉండే వేగం. ఘాట్ రూట్లు, ఓవర్‌లోడు వద్దు.
4. మాన్యువల్ చెప్పిన దగ్గర మొదటి ఆయిల్, ఫిల్టర్ మార్పు. పాత ఫిల్టర్‌ను కోసి మడతల్లో మెరిసే రజను ఉందేమో చూడండి.
5. హెడ్ బోల్టులు మళ్లీ బిగించాలో వద్దో మాన్యువల్ చూసి చేయండి. కోణం లెక్కన బిగించే బోల్టులను తిరిగి తాకకూడదు.
6. 5,000 కిలోమీటర్ల దగ్గర యు గొట్టంతో బ్యాక్ కంప్రెషన్, మెకానికల్ గేజ్‌తో ఆయిల్ ప్రెషర్, అదే రూటులో మైలేజీ మళ్లీ కొలవండి. మూడో మెట్టులో దాచిన కాగితం పక్కన పెట్టి చూసి, తేడా రాకపోతే బిల్లులు, లేత్ కొలతల కాగితాలు పట్టుకుని షాపుకు వెళ్లండి. వారంటీ గడువు ముగియకముందే వెళ్లాలి.